ఒకే ఫైల్‌ను రెండు మిర్రర్ల (అదే ఫైల్ కాపీ ఉంచే సర్వర్ల) నుంచి దించుకోవచ్చా?

ప్రశ్న: మా ఊళ్లో సాయంత్రమైతే నెట్ నత్తనడకే. నిన్న ఉబుంటు ఆపరేటింగ్ సిస్టమ్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేసే ఫైల్) 80 శాతం దాటాక ఆగి, మళ్లీ మొదటికొచ్చింది. రేపు తమ్ముడి ల్యాప్‌టాప్‌లో వేయాలి, టెన్షన్‌గా ఉంది. ఒకేసారి రెండుచోట్ల నుంచి లాగే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా?

జవాబు: ఆరియా2 (aria2) వాడండి, కమాండ్ లైన్‌లో, అంటే ఆదేశాలు టైప్ చేస్తే నడుస్తుంది. ఒకే ఫైల్‌కు ఉన్న మిర్రర్ లింకులన్నీ పక్కపక్కన ఇస్తే ముక్కలు చేసి అన్నిటి నుంచీ తెస్తుంది. మధ్యలో ఆగితే పక్కనే .ఆరియా2 అని చిన్న ఫైల్ మిగులుతుంది. దాన్ని మాత్రం చెరపకండి! అదే కమాండ్ మళ్లీ ఇస్తే ఆగినచోటి నుంచే అందుకుంటుంది.

ఇంకో జవాబు: ఉబుంటువాళ్లు టొరెంట్ (దించుకునేవాళ్లే ఒకరికొకరు ముక్కలు పంచుకునే పద్ధతి) కూడా ఇస్తారు, ఆరియా2 దాన్నీ తీసుకుంటుంది. ఒక్క సర్వర్‌కే 16 కనెక్షన్లు పెట్టకండి. చాలా మిర్రర్లు యూనివర్సిటీలు ఉచితంగా నడిపేవి, వాటిపై భారం పడుతుంది.

అడిగినవారు: రెండు మిర్రర్లు ఇచ్చాను. కావాలనే రౌటర్ ఆపి చూశాను, ఆగినచోటే అందుకుంది. ఫైల్ చెడకుండా వచ్చిందో లేదో చూసే ఎస్‌హెచ్‌ఏ256 కోడ్ కూడా సరిపోయింది. పెన్‌డ్రైవ్ సిద్ధం, చాలా థాంక్స్ అండీ.