హైదరాబాద్ నుంచి టెక్కలి దాకా కారు ప్రయాణం: పిల్లలకు ఫోన్ ఇవ్వకుండా ఎలా?

కూకట్‌పల్లి అమ్మ:

అందరికీ నమస్కారం. సంక్రాంతికి మా అత్తగారి ఊరు వెళ్తున్నాం. టెక్కలి పక్కన పల్లె. రైలు టికెట్లు దొరకలేదు కాబట్టి కారే గతి. 800 కిలోమీటర్లకు కాస్త తక్కువ. పండగ రద్దీలో ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు కదా, అందుకే రాత్రికి రాజమండ్రిలో ఆగుదామని అనుకున్నాం.

మావారు డ్రైవింగ్. ముందు సీట్లో మామయ్య గారు. వెనక నేను, పదకొండేళ్ళ పాప, ఆరేళ్ళ బాబు. ఫోన్ చేతికిస్తే పావుగంట ప్రశాంతంగా ఉంటుంది, ఆ తర్వాత ఎవరి వంతు అని కొట్లాట. పైగా బాబు తల వంచి ఫోన్ చూస్తూ కూర్చుంటే కడుపులో తిప్పుతుందంటాడు. ఈసారి ఇద్దరికీ ఫోన్ ఇవ్వకూడదని గట్టిగా అనుకున్నాను. కానీ అన్ని గంటలు వాళ్ళతో ఏం చేయించాలో తెలియక టెన్షన్‌గా ఉంది. అంత్యాక్షరి ఎంతసేపని ఆడతాం? పిల్లలకు తెలిసిన పాటలు నాకు రావు, నాకొచ్చినవి వాళ్ళకు రావు.

మామయ్య గారు మా ఉత్తరాంధ్ర వైపు ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. నెమ్మదస్తులు, ఎక్కువ మాట్లాడరు. పిల్లలంటే ప్రాణం, కానీ వాళ్ళతో ఏం మాట్లాడాలో ఆయనకూ తెలియదు. ఆయన్ని కూడా కలుపుకునే ఆటలేమైనా ఉంటే చెప్పండి.

లాంగ్ ట్రిప్ డ్రైవర్:

అమ్మా, నేను ట్రావెల్స్ బండి నడుపుతాను. ఆటలు వాళ్ళు వీళ్ళు చెప్తారు, నేను ఒక్క మాటే చెప్తాను. డ్రైవింగ్ చేసే మనిషిని ఏ ఆటలోకీ లాగకండి. "నాన్నా చూడు, నాన్నా చెప్పు" అని వెనక నుంచి భుజం తడితే చూపు పక్కకు పోతుంది. లారీని దాటేటప్పుడు, టోల్ దగ్గర లైన్ మారేటప్పుడు కార్లో అరుపులు ఉండకూడదు. దానికి ముందే ఒక మాట పెట్టుకోండి. మా బండి ఎక్కే ఒక ఫ్యామిలీ "గేర్" అంటారు. ఆ మాట వినపడితే పిల్లలు ఎక్కడి మాట అక్కడే ఆపేస్తారు. వాళ్ళకి అది కూడా ఆటే.

ఇంకోటి. పిల్లలు నిద్రపోతారని తెల్లవారుజామున మూడింటికి బయల్దేరకండి. జనవరిలో విజయవాడ హైవే మీద పొగమంచు పడుతుంది. తెల్లారి వెలుతురొచ్చాకే కదలండి.

నాగావళి ఆడపడుచు:

చెల్లీ, మాది శ్రీకాకుళం, ఉండేది ఉప్పల్. ఈ దారి నాకు బాగా అలవాటు. నా నమ్మకం ఒక్కటే: కార్లోకి బొమ్మలూ పుస్తకాలూ బస్తాల కొద్దీ ఎక్కించనక్కర్లేదు. పిల్లలకి దారిని అప్పగించాలి. మీ కార్లో ముందు సీట్లో కూర్చునే మనిషి అంతకాలం కండక్టర్ చేశారంటున్నారు! అంతకంటే ఏం కావాలి?

మేం ఆడే ఆట నదుల ఆట. మీ ఊరు చేరేలోపు ఎన్ని నదులు దాటుతామో పిల్లలు ఒక కాగితం మీద రాయాలి. బయల్దేరే ముందే ఎవరి అంకె వాళ్ళు చెప్పేయాలి. పెద్దవాళ్ళు పేర్లు ముందే చెప్పేయకూడదు, వంతెన రాబోతుంటే "చూడండి" అనాలి, అంతే. వంతెన మొదట్లో బోర్డు మీద పేరు ఉంటే చదవాల్సింది పిల్లలే. ఇంగ్లీష్ మీడియం పిల్లలకు తెలుగు చదివించడానికి ఇంతకంటే మంచి సాకు నాకు దొరకలేదు.

సూర్యాపేట ఇంకా రాకముందే మూసీ వస్తుంది. హైదరాబాద్‌లో రోజూ ముక్కు మూసుకుని దాటే మూసీయే ఇదీ అని చెప్తే మా పిల్లలు నమ్మలేదు. కోదాడ దాటాక గరికపాడు దగ్గర పాలేరు. ఇవతల తెలంగాణ, అవతల ఆంధ్రప్రదేశ్. 2024 సెప్టెంబరు వరదల్లో హైవే తెగింది ఇక్కడే. నందిగామ దాటాక మున్నేరు. ఈ మూడూ కృష్ణలోకే పోతాయి. ఇక్కడ పిల్లలకి ఒక చిక్కు ప్రశ్న వేయండి. విజయవాడ మీదుగా వెళ్తున్నాం కదా, కృష్ణానదిని దాటుతామా? అందరూ దాటుతామనే అంటారు. దాటం! నది మనకు కుడి పక్కన ఉండిపోతుంది, మనం ఏలూరు వైపు తిరిగిపోతాం. మా అమ్మాయి ఈ విషయం బడిలో కూడా చెప్పి పందెం వేసింది.

తర్వాత ఏలూరు దగ్గర తమ్మిలేరు. ఆపైన గోదావరి. ఇక్కడ ఒక మాట. ఇప్పుడు చాలామంది టైం కలిసొస్తుందని గుండుగొలను దగ్గర విడిపోయి దేవరపల్లి, కొవ్వూరు మీదుగా పోతున్నారు. అటు వెళ్తే గోదావరి ఒక్కసారే వస్తుంది. పాత దారిలో తణుకు మీదుగా వెళ్తే రెండుసార్లు దాటాలి. సిద్ధాంతం దగ్గర వశిష్ఠ, రావులపాలెం దాటాక గౌతమి. ధవళేశ్వరం ఆనకట్ట కింద నది చీలిపోవడం వల్ల ఇలా. ఆ రెండు వంతెనల మధ్య ఉన్నంతసేపూ కోనసీమలో ఉన్నట్టే. పిల్లలుంటే నేనైతే పాత దారే వెళ్తాను. రావులపాలెంలో ఆత్రేయపురం పూతరేకులు దొరుకుతాయి, గౌతమి దాటాక కడియపులంక నర్సరీలు రోడ్డు పక్కనే. కాళ్ళు చాపుకోడానికి అంతకంటే మంచి చోటు లేదు, పిల్లల్ని మొక్కల మధ్య ఓ అరగంట తిరగనివ్వండి.

రెండో రోజు అన్నవరం దగ్గర పంపా, తుని దగ్గర తాండవ, అనకాపల్లిలో శారద, తగరపువలస దగ్గర గోస్తనీ, ఇక మా నాగావళి, నరసన్నపేట ఇవతల మడపాం దగ్గర వంశధార. అన్నవరంలో కొండ ఎక్కే టైం లేకపోయినా హైవే పక్కన కౌంటర్లో ప్రసాదం దొరుకుతుంది. విస్తరాకు పొట్లం కార్లో విప్పారంటే ఆ వాసనకే అన్ని గొడవలూ ఆగిపోతాయి.

ఇక మీ మామయ్య గారి సంగతి. ఆయన్ని "కథ చెప్పండి మామయ్యా" అని అడిగితే ఏమీ రాదు. మాటలు తక్కువైన మనుషులకి పని ఇవ్వాలి. బాబుని కండక్టర్ని చేయండి. చిన్న కాగితాలు కత్తిరించి రబ్బరు బ్యాండు వేసి ఇవ్వండి, టికెట్లు కొట్టేది వాడు. తర్వాతి స్టేజీ ఏది, చార్జీ ఎంత అన్నది తాతగారిని అడగాలి. టికెట్లు కొట్టే టిమ్ మిషన్లు రాకముందు రంగు రంగుల టికెట్లు, ఆ పెట్టె, చిల్లర లేదని టికెట్ వెనకాల బాకీ రాసివ్వడం, ఇవన్నీ అడగకుండానే ఆయన నోటి నుంచి వస్తాయి, చూడండి. అనకాపల్లి దాటాక ఆయన రాజ్యమే.

మీ పాప వయసుకి నోరు కలపని ఆట బాగుంటుంది. అవధానాల్లో నిషిద్ధాక్షరి చూస్తాం కదా, దానికి పిల్ల వెర్షన్. ప, ఫ, బ, భ, మ లేకుండా మాట్లాడాలి. అంటే పెదాలు ఒకదానికొకటి తగలకూడదు. విని తేలికే అనుకుంటారు. పేచీ ఎక్కడొస్తుందంటే మాట చివర సున్నా. అన్నం, పుస్తకం, వెళ్దాం, అన్నీ పెదాలు కలిపేవే. అమ్మ అనకూడదు, బాబాయ్ లేదు, పిన్ని లేదు, మావయ్య లేదు. తాతయ్య, నాన్న, అక్క మిగులుతారు. ఓసారి మావాడికి దాహం వేసింది, కానీ బాటిల్ అంటే ఓడిపోతాడు. కాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించి "గొంతెండిందే, నీళ్ళున్నాయా" అన్నాడు. వాళ్ళక్క ఊరుకోదుగా, "ఇందాక దాటిన నది పేరేంటి?" అని అడిగింది. పాలేరు అనాలి. వాడు తడుముకోలేదు. "ఆంధ్రాకీ తెలంగాణకీ సరిహద్దు!" అన్నాడు. నేను వాడికి అప్పటికప్పుడు చేగోడీల డబ్బా ఇచ్చేశాను.

పొడుపు కథలు ఒకేసారి కుమ్మరించకండి. గంటకొకటి చాలు. "వంకర టింకర శొ, వాని తమ్ముడు అ, నల్ల గుడ్ల మి, నాలుగు కాళ్ళ మే" అని ఒకటి వేసి వదిలేయండి. శొంఠి తెలియని పిల్లలు ఈ కాలంలో చాలామందే. అల్లం దొరికాక మిగతావి ఒక్కొక్కటే విడిపోతాయి, మేక మటుకు చివరిదాకా దొరకదు. ఆటకీ ఆటకీ మధ్య ఖాళీ ఉండాలి. "బోర్ కొడుతోంది" అనగానే ఇంకో ఆట తీయకండి. పిల్లలు ఊరికే కిటికీలోంచి చూస్తూ కూర్చోవడం కూడా మంచిదే. అప్పుడే మైలురాళ్ళు కనపడతాయి. పసుపు తల ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి, మీ పల్లె దారిలో నారింజ రంగు కనపడొచ్చు. ఎందుకలా అని వాళ్ళే అడుగుతారు.

కూకట్‌పల్లి అమ్మ:

అక్కా, చాలా థాంక్స్. కృష్ణ దాటమన్నది నాకే తెలియదు! కండక్టర్ ఆట అదిరిపోయింది, ఈ రాత్రికే టికెట్లు కత్తిరిస్తాను. ఒక్క సందేహం. బాబుకి కడుపులో తిప్పడం ఫోన్ వల్లేనా? బొమ్మలు వేసుకోడానికి డ్రాయింగ్ పుస్తకం కొన్నాను, అది ఇవ్వచ్చా?

గుంటూరు మందుల షాపు:

అమ్మా, ఇవ్వకండి. కారు కదులుతున్నట్టు లోపలి చెవికి తెలుస్తుంది. కళ్ళు మాత్రం కదలని కాగితాన్ని చూస్తుంటాయి. రెండూ చెప్పేది కలవక తిప్పుతుంది. అందుకే ఫోన్ అయినా, కథల పుస్తకమైనా, రంగులేయడమైనా తల వంచి చేసే పని ఏదైనా ఒకటే. రెండేళ్ళ నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లల్లో ఇది ఎక్కువ. డ్రాయింగ్ పుస్తకం రాజమండ్రి లాడ్జిలో ఇవ్వండి. నదుల కాగితం కూడా బాబు చేత రాయించకండి. వాడు చూసి చెప్పాలి, అక్క రాయాలి. టికెట్లు చింపి ఇవ్వడం వరకు పరవాలేదు.

చాలామంది గమనించనిది ఒకటుంది. ఆరేళ్ళ పిల్లాడు మామూలు సీట్లో కూర్చుంటే కిటికీ అంచు వాడి కళ్ళకు అడ్డం వస్తుంది, దూరంగా ఉన్న రోడ్డు కనపడదు. బూస్టర్ సీటు వేస్తే ఎత్తు వస్తుంది, బెల్టు కూడా మెడకి కాకుండా భుజం మీద సరిగ్గా పడుతుంది. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకి బెల్టు గానీ పిల్లల సీటు గానీ ఉండాల్సిందే, 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం లేకపోతే 1000 రూపాయల జరిమానా. ఒళ్ళో మాత్రం కూర్చోబెట్టుకోకండి. బయల్దేరే ముందు నూనె వంటలు పెట్టకండి, ఇడ్లీ చాలు. అల్లం మురబ్బా ముక్క కొంతమందికి పనిచేస్తుంది. మాత్ర వేయాలంటే మాత్రం పిల్లల డాక్టర్‌ని అడిగి వేయండి, మా షాపుల్లో అడిగి కాదు.

వైజాగ్ నాన్న:

మావాడు పదిహేనేళ్ళవాడు. నదులూ పొడుపు కథలూ అంటే చెవుల్లో హెడ్‌ఫోన్స్ పెట్టేసుకుంటాడు. మీ పాప కూడా ఒకట్రెండేళ్ళలో ఆ వయసుకొస్తుంది కాబట్టి చెప్తున్నాను. వాడికి లెక్కలు అప్పగించాను. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, ప్రతి టోల్ దగ్గర ఎంత కట్ అయింది, డీజిల్ ఎక్కడ ఎంత పోయించాం, లీటరుకి ఎంత వచ్చింది, అన్నీ నోటుబుక్‌లో రాయాలి. మధ్యాహ్నం ఎక్కడ తినాలో నిర్ణయం వాడిదే, బడ్జెట్ నాది. అలా అడగడం మొదలుపెట్టాక హెడ్‌ఫోన్స్ వాటంతటవే దిగాయి. ఆ వయసు పిల్లలకి ఆట పెడితే చిన్నపిల్లల్ని చేసినట్టు అనిపిస్తుందేమో, బాధ్యత ఇస్తే నిటారుగా కూర్చుంటారు.

నంబర్ ప్లేట్లు కూడా చూడమనండి. ఏపీ 31 పాత వైజాగ్ బండి, 30 శ్రీకాకుళం, 35 విజయనగరం. 2019లో రాష్ట్రమంతా ఏపీ 39 చేశారు కాబట్టి కొత్త బండి ఏ ఊరిదో చెప్పలేం. తెలంగాణ బండి మీద టీఎస్ ఉందా, 2024లో వచ్చిన టీజీ ఉందా చూస్తే పాతదో కొత్తదో తెలిసిపోతుంది. మీరు ఊరు దగ్గరపడే కొద్దీ ఒడిశా ఓడీ బళ్ళు పెరుగుతాయి.

కూకట్‌పల్లి అమ్మ:

ఇవన్నీ మామయ్య గారికి చదివి వినిపించాను. నదుల దగ్గరికి వచ్చేసరికి చెయ్యెత్తి ఆపారు. "గోస్తనీకీ నాగావళికీ మధ్య చంపావతి ఏమైంది? నాతవలస దగ్గర దాటతాం కదా. తాండవ తర్వాత వరాహ కూడా చెప్పలేదు" అన్నారు. ఆ తర్వాత పాపని పిలిచి తుని నుంచి టెక్కలి వరకు స్టేజీలన్నీ వరసగా చెప్పారు, అది రాసుకుంటోంది. పాత దారిలోనే వెళ్దామని కూడా ఆయనే అన్నారు. డ్రైవర్ గారూ, రావులపాలెం వైపు వెళ్తే రాజమండ్రి చేరేసరికి మరీ చీకటి పడుతుందా?

లాంగ్ ట్రిప్ డ్రైవర్:

ఏడింటికల్లా కూకట్‌పల్లి దాటేయండి అమ్మా, ఎల్బీనగర్ దాటడానికే గంట పైన పడుతుంది. పంతంగి టోల్ దగ్గర పండగ క్యూ ఉంటుంది, మీ కండక్టర్ బాబు టికెట్లు అక్కడ కొట్టించండి. మధ్యాహ్నం భోజనం విజయవాడ దాటి హనుమాన్ జంక్షన్ దగ్గర పెట్టుకోండి, ఊళ్ళోకి దిగితే గంట పోతుంది. జనవరిలో ఆరు కాకముందే పొద్దు గుంకుతుంది. నాలుగున్నరకల్లా సిద్ధాంతం వంతెన మీదుంటే రెండు గోదావరులూ వెలుగులోనే చూస్తారు. ఆ టైం దాటి ఆలస్యమైతే నర్సరీలు తిరుగు ప్రయాణానికి ఉంచుకోండి, బండి స్పీడు మాత్రం పెంచొద్దని సార్‌కి చెప్పండి.