ఇంటర్వ్యూలో ‘వైబ్రెంట్’, ‘వైవేషియస్’ అని చెప్పుకోవాలా, వద్దా?

కడప_ఫైనలియర్:
వచ్చే నెల మా కాలేజీలో క్యాంపస్ ఇంటర్వ్యూలు. ట్రైనింగ్ సారు ఒక షీట్ ఇచ్చి బట్టీ పట్టమన్నారు. ఎనర్జిటిక్, డైనమిక్, వైబ్రెంట్, వైవేషియస్, స్పిరిటెడ్, స్ప్రైట్లీ, బబ్లీ, ఫీస్టీ. అన్నిటి పక్కనా ఒకటే అర్థం: ‘చురుకైన’. మొన్న మాక్ ఇంటర్వ్యూలో మావాడొకడు, ఆరడుగుల కబడ్డీ ప్లేయర్, ‘అయామ్ వైవేషియస్ అండ్ స్ప్రైట్లీ’ అన్నాడు. బయటినుంచి వచ్చిన మేడం నవ్వు దాచుకోవడానికి నీళ్ల గ్లాసు ఎత్తుకున్నారు. ఈ మాటలు ఒక్కటి కూడా వాడకూడదని నా వాదన. మీరేమంటారు?

ప్రొద్దుటూరు_సేల్స్:
వద్దంటే ఎట్లా తమ్ముడూ? ఉద్యోగ ప్రకటనల్లో వాళ్లే ‘ఎనర్జిటిక్, డైనమిక్’ కావాలని రాస్తారు. వాళ్లడిగిన మాట మనం చెబితే తప్పా? పైగా ఎనర్జిటిక్ మా షాపులో తెలుగు మాటే అయిపోయింది. ‘పిల్లోడు ఎనర్జిటిక్ అన్నా, పెట్టుకో’ అంటే అందరికీ అర్థమవుతుంది. బట్టీ పట్టు, నష్టం లేదు.

రిటైర్డ్_ఇంగ్లీష్_మాస్టారు:
నష్టం ఉంది నాయనా. మాటలు మంచివే, అన్నిటికీ ఒకే అర్థం రాయడమే దరిద్రం. ఏ మాట ఎవరి గురించి అంటారన్నది ఆ షీట్‌లో లేదు.

ఎనభై ఏళ్ల అవ్వ అలిపిరి మెట్లు చకచకా ఎక్కుతుంటే స్ప్రైట్లీ అంటారు. ఇరవై ఏళ్లవాడు ఎక్కితే అందులో వింతేముంది? వైవేషియస్ ఎక్కువగా ఆడవాళ్ల గురించి, కలుపుగోలుగా గలగలా మాట్లాడేవారి గురించి వాడతారు. ఫీస్టీ కథ ఇంకా ఘోరం. దాని మూలం అపానవాయువు వదిలే చిన్న కుక్కకు పెట్టిన పేరు! అందుకే చిన్న ఆకారం ఉండి ఎదురు తిరిగేవాళ్లను అలా అంటారు, కాస్త తక్కువచేసి. స్పిరిటెడ్ గుర్రానికీ, వాదనకూ బాగుంటుంది. ఆటల వార్తల్లో మాత్రం ‘స్పిరిటెడ్ ఫైట్’ అని కనిపిస్తే చాలాసార్లు ఆ జట్టు ఓడిపోయిందని అర్థం.

ఇలాంటి మాటల పుట్టుక చూస్తే భలే సరదా. స్పిరిట్, యానిమేటెడ్ రెండింటికీ లాటిన్‌లో మూలం ఊపిరే. పెప్ అనేది పెప్పర్‌కు పొట్టి రూపం, అంటే మిరియాల ఘాటు. జెస్ట్ (zest, అంటే హుషారు) నారింజ, నిమ్మ తొక్క నుంచి వచ్చింది. ఎంథూజియాజమ్‌కు గ్రీకులో దేవుడు లోపల ఉండటమని అర్థం. మన జాతరలో పూనకం వచ్చిన మనిషిని చూసినవాడికి ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. 17వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో అది తిట్టు, మతపిచ్చి ఉన్నవాళ్లను అనేవారు. ఇప్పుడేమో రెజ్యూమేలో మొదటి లైను!

బ్రౌన్ దొర ఈ కడపలోనే బంగళా కొని, పండితులను జీతమిచ్చి కూర్చోబెట్టుకుని పని చేశాడు. 1852లో అచ్చయిన ఆయన తెలుగు-ఇంగ్లీష్ నిఘంటువు తిరగేయండి, మాట పక్కన వాడుక కూడా దొరుకుతుంది. ఆ ఓపికలో పదో వంతు ఉన్నా ఈ షీట్ ఇట్లా తయారయ్యేది కాదు.

కర్నూలు_హెచ్‌ఆర్:
నేను టేబుల్‌కు అవతల కూర్చునే మనిషిని. ‘అయామ్ ఎనర్జిటిక్’ అని కుర్చీలో జారగిలబడి, నేల చూస్తూ చెబుతారు. ‘ఒక ఎగ్జాంపుల్ చెప్పు’ అనగానే టెన్షన్. ఆ మాటకు మార్కులు ఎవరూ వేయరండీ. సెకండియర్‌లో రక్తదాన శిబిరానికి ఊరంతా తిరిగి జనాన్ని పోగుచేశానని వచ్చీరాని ఇంగ్లీష్‌లో చెప్పినా వింటాం.

ఇంకో సంగతి. నేను ఇదివరకు పనిచేసిన ఒకచోట అప్రైజల్ కాగితాల్లో అమ్మాయిలకు ‘బబ్లీ’ (నవ్వుతూ తుళ్లుతూ ఉండే పిల్ల) అని, అదే పని చేసిన అబ్బాయిలకు ‘డైనమిక్’ అని రాసేవారు. ప్రమోషన్ ఎవరికి వచ్చేదో చెప్పాలా? బబ్లీ అని మీకు మీరే రాసుకోకండమ్మా.

ప్రొద్దుటూరు_సేల్స్:
మేడం, మీరు చెప్పింది టౌన్ పిల్లలకు సరే. పల్లెనుంచి వచ్చిన పిల్లోడికి నోరు పెగలాలంటే ముందు ఒక బట్టీ వాక్యం ఉండాలి. ఎగ్జాంపుల్ చెప్పాలన్నా ఇంగ్లీష్ రావాలి కదా. నేనూ అట్లా బట్టీ పట్టే ఉద్యోగంలో చేరినా.

కర్నూలు_హెచ్‌ఆర్:
అయితే ఎగ్జాంపుల్‌నే బట్టీ పట్టమనండి. నాలుగు వాక్యాలు, అన్నీ తన సొంత పని గురించి. విశేషణాల కన్నా అవే సులువుగా గుర్తుంటాయి.

రిటైర్డ్_ఇంగ్లీష్_మాస్టారు:
ఒప్పుకుంటాను. కానీ ఎనర్జిటిక్, ఎంథూజియాస్టిక్ రెండూ ఉంచుకోవచ్చు. ఆడా మగా, చిన్నా పెద్దా ఎవరికైనా నప్పుతాయి.

కడప_ఫైనలియర్:
షీట్‌లో ఆ ఒక్క ఎనర్జిటిక్ ఉంచి మిగతావన్నీ కొట్టేశాను. ఎంథూజియాస్టిక్ పెన్నుతో రాసుకున్నా. సారుకు ఎట్లా చెప్పాలో తెలియడం లేదు.

ప్రొద్దుటూరు_సేల్స్:
చెప్పకు. ఇంటర్నల్ మార్కులు ఆయన చేతిలోనే ఉంటాయి.