లిద్దా, రామ్లే ఘటనకు తెలుగులో ఏ మాట వాడాలి?

1948 జులై 12, 13 తేదీల్లో ఇజ్రాయెల్ సైన్యం లిద్దా, రామ్లే పట్టణాల నుంచి 50 వేలకు పైగా పాలస్తీనియన్లను వెళ్లగొట్టింది. వయసు చూడకుండా త్వరగా పంపేయమన్న లిద్దా ఉత్తర్వు మీద సంతకం అప్పటి సైనికాధికారి, తర్వాత ఇజ్రాయెల్ ప్రధాని అయిన ఇత్జాక్ రాబిన్‌ది. లిద్దా జనం మండుటెండలో నడిచిపోయారు.

'వలస' అంటే పని వెతుక్కుంటూ పోయినట్టుంది. 'తరలింపు' అంటే తుపానుకు ముందు జనాన్ని కాపాడినట్టు. 'బహిష్కరణ' అంటే వెలి, లేకపోతే సభ నుంచి వాకౌట్! 'నిర్వాసితులు' అనగానే పోలవరం గుర్తొస్తుంది. 'పట్టణం ఖాళీ అయింది' అని రాస్తే చేయించినవాడే మాయం.

'బలవంతపు గెంటివేత' నప్పుతుందా? అంతర్జాతీయ క్రిమినల్ కోర్టును ఏర్పరచిన ఒప్పందం రోమ్ శాసనం; అది సరిహద్దు దాటించడాన్నీ, దేశం లోపలే తరలించడాన్నీ వేరు చేస్తుంది. ఆ తేడా తెలిసేలా రెండు మాటలు చెప్పగలరా?