ఉచిత ట్యూషన్ ఫెయిలైనవాళ్లకేనా, అందరికీనా?

మూడో ఏడు సివిల్
మా ఇంజనీరింగ్ కాలేజీలో ఎం-1 (మొదటి లెక్కల పేపర్) ఫెయిలై బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లకు ఈ సెమిస్టర్ నుంచి సాయంత్రం ఉచితంగా క్లాసులు పెట్టారు. మంచి పనే. కానీ ‘స్లో లెర్నర్స్ లిస్ట్’ అని రోల్ నంబర్లన్నీ నోటీసు బోర్డుకు అంటించారు. మొదట్లో నిండుగా ఉన్న గది ఇప్పుడు దాదాపు ఖాళీ. పిల్లలకు బాధ్యత లేదని సార్లు అంటున్నారు. పెట్టిన పద్ధతిలోనే తప్పుందని నేనంటాను. ఇలాంటి సాయం ఫెయిలైనవాళ్లకు మాత్రమే ఉండాలా, అందరికీ తెరిచి ఉంచాలా?

లెక్కల మాస్టారు
పాఠం చెప్పేవాడిగా నా మాట చెబుతాను. క్లాసులు, ఇంటర్నల్స్ పేపర్లు, ఇన్విజిలేషన్, అడ్మిషన్ల డ్యూటీ అయ్యాక మిగిలే గంట ఎవరికివ్వాలి? మునుగుతున్నవాడికే కదా. అందరూ రావచ్చు అంటే ముందు బెంచీలు తొమ్మిది సీజీపీఏ వాళ్లతో నిండిపోతాయి, వెనకవాడు నోరు విప్పడు. బోర్డుకు అంటించడం తప్పే, దాన్ని సమర్థించను. కానీ స్లో లెర్నర్లను ఎలా గుర్తించారు, వాళ్లకేం చేశారు అని కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ వాళ్లు అడుగుతూ వచ్చారు. యూజీసీ కూడా ఒకప్పుడు ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మైనారిటీ విద్యార్థుల రెమెడియల్ కోచింగ్‌కు, అంటే వెనకబడ్డవాళ్లకు చెప్పే అదనపు పాఠాలకు, విడిగా నిధులిచ్చింది. వెనకబడ్డవాళ్లకంటూ వేరుగా పెట్టకపోతే వాళ్ల వాటా ఇంకెవరో పట్టుకుపోతారు.

గేట్ ప్రిపరేషన్
అసలు ట్యూషన్ ఎందుకు? ఐఐటీల వీడియో పాఠాల ఎన్‌పీటీఈఎల్ 2003 నుంచి ఉంది. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ 2017 నుంచి ఉంది. ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఇంట్లో కూర్చుని ఉచితంగా వినొచ్చు. చదవాలనుకున్నవాడికి అడ్డేముంది?

తెలుగు మీడియం అమ్మాయి
అన్నా, ఆ వీడియోలన్నీ నేను చూశాను. డబుల్ ఇంటిగ్రల్స్‌లో ‘ఛేంజ్ ఆఫ్ ఆర్డర్’ దగ్గర, అంటే ఎక్స్, వైలలో ముందు దేనితో చేయాలనే వరస మార్చే చోట, ఆగిపోయాను. ఎక్స్ 0 నుంచి 1 దాకా, వై ఎక్స్ నుంచి 1 దాకా, లోపల ‘e’ పవర్ వై స్క్వేర్. వీడియోలో సార్ కొత్త లిమిట్స్ టకటకా రాసేశారు. అవి ఎక్కణ్నుంచి వచ్చాయో ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూసినా అర్థం కాలేదు. హాస్టల్లో సీనియర్ అక్క నా చేతికే పెన్సిల్ ఇచ్చి ‘ముందు బొమ్మ గీయి’ అంది. త్రిభుజం వచ్చింది. ‘ఇప్పుడు నిలువు గీత కాదు, అడ్డగీత పెట్టు. ఎడమ చివర ఎక్స్ ఎంత? కుడి చివర ఎంత?’ అని అడిగింది. 0, వై అన్నాను. అంతే, మిగతా లెక్క దానంతటదే నడిచింది. నేను ఎక్కడ ఆగానో వీడియోకి తెలియదు కదా.
ఇంకో మాట. మా క్లాసులో పాసైనవాళ్లలో కూడా చాలామందికి ఈ బొమ్మ రాదు. ఛాయిస్‌లో వదిలేశారు. వాళ్లు మీ జాబితాలోకి ఎప్పటికీ రారు.

కాన్సాస్ సిటీ నుంచి
ఈ గొడవకు ఇక్కడ అమెరికాలో ఎప్పుడో ఒక దారి కనిపెట్టారు. 1973లో మిస్సోరి విశ్వవిద్యాలయం కాన్సాస్ సిటీ క్యాంపస్‌లో డియానా మార్టిన్ ‘సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్’ అనే పద్ధతి మొదలుపెట్టారు. ఆవిడ ఎవరు మొద్దు, ఎవరు చురుకు అని పిల్లల్ని విడదీయలేదు. ఎక్కువమంది తప్పుతున్న సబ్జెక్టు ఏదో చూశారు. సుమారు 30 శాతం, ఆపైన విద్యార్థులు తక్కువ గ్రేడు తెచ్చుకుంటున్న, లేదా మధ్యలో వదిలేస్తున్న కోర్సుకు సాయం తగిలించారు. ఆ సబ్జెక్టులో మంచి మార్కులు తెచ్చుకున్న సీనియర్ మళ్లీ అదే క్లాసులో కూర్చుంటాడు, నోట్సు రాసుకుంటాడు, తర్వాత విడిగా సెషన్ నడుపుతాడు. ఎవరైనా రావచ్చు, బలవంతం లేదు. మొదటి వారంలోనే మొదలవుతుంది, ఫెయిలయ్యేదాకా ఆగరు. సీనియర్ పాఠం మళ్లీ చెప్పడు, పైన చెల్లి రాసినట్టే పెన్సిల్ అవతలివాళ్ల చేతికిస్తాడు.
మన దగ్గర రోగం ముదిరాక మందు. సెమిస్టర్ పోయి, రిజల్ట్ వచ్చి, సప్లీ ఫీజు కట్టాక క్లాసులు. అప్పటికి పిల్లాడు తనకు లెక్కలు రావని నమ్మేసి ఉంటాడు. నాకు కడుపు మండేది అక్కడే.

లెక్కల మాస్టారు
మొదటి వారం నుంచి అన్న మాట ఒప్పుకుంటాను. ఎం-1 మా దగ్గర ప్రతి ఏడూ పోయే సబ్జెక్టే. కానీ సీనియర్ తప్పు చెబితే? పైగా సాయంత్రం కాలేజీ బస్సు వెళ్లిపోతే డే స్కాలర్లు ఊళ్లకెలా చేరతారు?

మూడో ఏడు సివిల్
బస్సు విషయం నిజం సార్. గది ఖాళీ కావడానికి అదీ ఒక కారణమే. లైబ్రరీ పీరియడ్‌లో పెడితే సరిపోతుంది, ఆ గంట ఎలాగూ ఫోన్లలోనే పోతోంది. సీనియర్లు తప్పు చెప్పకుండా వారానికోసారి మీరే కూర్చోబెట్టి రాబోయే లెక్కలు చేయించండి.

లెక్కల మాస్టారు
చేయిస్తాను. వాళ్లకు డబ్బివ్వడానికి మేనేజ్‌మెంట్ ఒప్పుకోదు, సర్టిఫికెట్ ఇప్పిస్తాను. బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లకు విడిగా ఒక గంట మాత్రం వదులుకోను. జాబితా నా డైరీలోనే ఉంటుంది.

తెలుగు మీడియం అమ్మాయి
సర్టిఫికెట్ చాలదు సార్. మా అక్క హాస్టల్ ఫీజుకే తంటాలు పడుతోంది. ట్రైనింగ్ ఫీజని ఏటా మా అందరి దగ్గరా వసూలు చేస్తున్నారు కదా, అందులోంచి గంటకింత అని ఇవ్వమనండి. నేర్చుకునేవాళ్లకు ఉచితం కావాలి గానీ, చెప్పేవాళ్ల కష్టం ఉచితం కాకూడదు.