ట్రిప్సిన్ మాత్ర రక్తనాళాల్లో కణాలను పెంచుతుందా?

గాజువాక కుర్రాడు: మా నాన్నగారికి కాలు బెణికి వాచింది. డాక్టరు ట్రిప్సిన్-కైమోట్రిప్సిన్ మాత్రలు రాశారు. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన "అది క్లోమంలో తయారయ్యే ఎంజైము, రక్తనాళాల గోడల్లో కణాలను పెంచుతుంది, స్టెంట్ ఉన్నవాళ్లు వాడకూడదు" అని పెట్టారు. నాన్నగారికి స్టెంట్ ఉంది. ఇంట్లో అందరికీ టెన్షన్. నిజమేనా?

సీతమ్మధార శాస్త్రి: గాలికబురు కాదు బాబూ. కణాల పైపొర మీద పార్-2 అనే గ్రాహకం (బయటి సంకేతాన్ని అందుకునే ప్రోటీన్) ఉంటుంది, 1994లో బయటపడింది. ట్రిప్సిన్ దాని కొసను కోస్తుంది. కోసిన చోట బయటపడ్డ కొత్త కొస అదే గ్రాహకానికి తగులుకుని దాన్ని కదిలిస్తుంది, అంటే కణానికి సంకేతం పంపిస్తుంది. బొడ్డుతాడు సిర నుంచి తీసిన లోపొర కణాల్లో పార్-2ను కదిలిస్తే అవి విభజన చెందాయి. నాళం గోడలోని కండర కణాల మీదా ఈ గ్రాహకం ఉంది. స్టెంట్ మళ్లీ పూడిపోవడంలో ఆ కండర కణాల పెరుగుదలదే పెద్ద పాత్ర.

పెదవాల్తేరు పద్మ: ఫ్లాస్కులో జరిగిందల్లా ఒంట్లో జరగదు శాస్త్రిగారూ. నేను కణాలు పెంచే ల్యాబులో పనిచేశాను. ఫ్లాస్కుకు అంటుకున్న కణాలను ఊడదీయడానికి మేం వాడేదే ట్రిప్సిన్. కాసేపటికే చదునుగా పరుచుకున్న కణాలు గుండ్రంగా ముడుచుకుని, మైక్రోస్కోపులో తేలుతూ కనిపిస్తాయి. ఎక్కువసేపు ఉంచితే దెబ్బతింటాయి. అందుకే వెంటనే సీరం, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం, కలుపుతాం. అందులోని ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్, ఆల్ఫా-2 మాక్రోగ్లోబ్యులిన్ అనే ప్రోటీన్లు ట్రిప్సిన్‌ను పట్టేసి పనిచేయనివ్వవు. మన రక్తంలోనూ అవి పుష్కలంగా ఉన్నాయి.

సీతమ్మధార శాస్త్రి: రక్తంలో పట్టేస్తే కాలి వాపు ఎలా తగ్గుతుందమ్మా? చేరితేనే పనిచేస్తుంది. పనిచేసేదైతే నాళాన్నీ తాకుతుంది. రెండూ మీరే అనలేరు.

పెదవాల్తేరు పద్మ: వాపు తగ్గిస్తుందని నేనెక్కడ అన్నాను?

కంచరపాలెం వాసు: నాకు పన్ను పీకినప్పుడు ఇవే ఇచ్చారు. తగ్గింది.

పెదవాల్తేరు పద్మ: వాసుగారూ, వేసుకోకపోయినా తగ్గేదేమో. శాస్త్రిగారూ, మీరు రెండు రకాల కణాలను ఒకే గాటన కడుతున్నారు. లోపొర కణాలు పెరిగితే గాయపడ్డ నాళం మానుతుంది, స్టెంట్ తీగల్ని కప్పుతాయి. వాటి పార్-2 కదిలితే నైట్రిక్ ఆక్సైడ్ విడుదలై నాళం సడలుతుంది కూడా.

సీతమ్మధార శాస్త్రి: కండర కణాల సంగతి మళ్లీ దాటేశారు.

పెదవాల్తేరు పద్మ: దాటేయలేదు. మాత్రలోని ట్రిప్సిన్ అక్కడిదాకా చేరి పనిచేస్తుందని చూపండి, ఒప్పుకుంటాను.

సీతమ్మధార శాస్త్రి: మీకు తెల్లకోటు వేసుకున్నవాళ్ల మాటే వేదం! మా అన్నయ్యకు స్టెంట్ పూడిపోయింది. మోకాలికి ఇవే మాత్రలు వాడాడు. సంబంధం ఉందా అని ఆస్పత్రిలో అడిగితే "కొందరికి అలా అవుతుందండీ" అంటూనే పక్క బెడ్డుకి వెళ్లిపోయారు. ఉందనో లేదనో కూడా చెప్పలేదు. ఆ తర్వాతే ఇవన్నీ చదవడం మొదలుపెట్టాను.

పెదవాల్తేరు పద్మ: మీ బాధ కాదనను. మా పిన్ని ఇలాంటి ఫార్వర్డు చూసే, రక్తం పలచబరిచే మాత్ర ఆపేసింది. స్టెంట్‌లో గడ్డ కట్టింది. ఈ తమ్ముడు మీరు రాసింది చదివి నాన్నగారి మాత్రలన్నీ ఆపిస్తే ఎవరిది బాధ్యత?

సీతమ్మధార శాస్త్రి: నేను ఏ మాత్రా ఆపమనలేదు. ఫ్లాస్కులో తేలింది కూడా రోగికి చెప్పాలంటున్నాను. తెలుసుకోవడం మా హక్కు.

పెదవాల్తేరు పద్మ: మనిషిలో తేలనిది చెబితే వాళ్లకు భయమే మిగులుతుంది. అక్కడే మీకూ నాకూ పడట్లేదు. తమ్ముడూ, డాక్టరుని అడగాల్సింది రక్తస్రావం గురించి. పలచబరిచే మందులతో ఈ ఎంజైము మాత్రలు కలిస్తే జాగ్రత్త అవసరం. స్టెంట్ మాత్రలు మాత్రం సొంతంగా ఆపొద్దు.

గాజువాక కుర్రాడు: స్టెంట్ మాత్రలు ఆపలేదక్కా. రేపు గుండె డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం, రెండు చీటీలూ చూపిస్తాను.

సీతమ్మధార శాస్త్రి: కండర కణాల గురించి కూడా అడుగు బాబూ. ఏమన్నారో ఇక్కడ రాయి.