‘పంపాలి’ అంటే తప్పదనా, పంపితే మంచిదనా?

ప్రశ్న: నెట్‌వర్కింగ్ పాఠాలు తెలుగులో రాస్తున్నాను. రౌటర్, ప్యాకెట్, ప్రోటోకాల్ లాంటి పేర్లతో ఇబ్బంది లేదు, ఉన్నవి ఉన్నట్టే వాడేస్తున్నాను. చిక్కంతా క్రియలతోనే. ఇంటర్నెట్ ప్రమాణాలు ఉండే ఆర్‌ఎఫ్‌సీ పత్రాల్లో మస్ట్, షుడ్, మే అనే మూడు మాటలకు మూడు రకాల బలం. మొదటి రెండింటికీ నాకు ‘చేయాలి’ ఒక్కటే తోస్తోంది. మీరైతే ఏం రాస్తారు?

జవాబు: అసలైన చోటే పట్టుకున్నారండీ. వీటి అర్థాలు ఖాయం చేసింది 1997 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2119. మస్ట్ అంటే తప్పించుకునే దారి లేదు. షుడ్ అంటే సరైన కారణం ఉంటే మానుకోవచ్చు, కానీ మానితే ఏమవుతుందో ముందే ఆలోచించుకోవాలి. మే అంటే తయారుచేసేవాళ్ల ఇష్టం.

టీటీఎల్ సంగతే చూడండి. నెట్‌లో ప్రయాణించే డేటా ముక్క, అంటే ఐపీ ప్యాకెట్‌లో ఉండే ఈ అంకెను, దాన్ని ముందుకు పంపే ప్రతి రౌటరూ దారిలో కనీసం ఒకటి తగ్గిస్తుంది. సున్నాకి వచ్చిందంటే ప్యాకెట్‌ను పారేస్తుంది. లేకపోతే దారి తప్పిన ప్యాకెట్లు అలా తిరుగుతూనే ఉంటాయి. మరి పారేసిన సంగతి పంపినవాళ్లకు చెప్పాలా? 1981లో ఆర్‌ఎఫ్‌సీ 792 ‘మే’ అంది. 1995లో రౌటర్ల కోసం వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1812 దాన్ని ‘మస్ట్’ చేసింది. టీటీఎల్‌ను 1, 2, 3 అని పెంచుకుంటూ పోయి, ఏ రౌటర్ నుంచి కబురొస్తుందో చూసి ప్యాకెట్ దారిని కనిపెట్టే ట్రేస్‌రూట్ అనే ప్రోగ్రామ్‌కి ఆ కబురే ఆధారం.

ఆ ఆర్‌ఎఫ్‌సీ 1812లోని భాగాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘టీటీఎల్ అయిపోయి ప్యాకెట్‌ను పారేసినప్పుడు రౌటర్ కబురు పంపి తీరాలి. ఒక్కో ఇంటర్‌ఫేస్‌లో (రౌటర్‌కు లైను కలిసే చోట) ఈ కబుర్లను ఆపే వీలు ఇవ్వడం, ఇవ్వకపోవడం తయారుచేసేవాళ్ల ఇష్టం. ఇస్తే మాత్రం, డిఫాల్ట్‌గా కబుర్లు వెళ్లేలా ఉంచి తీరాలి.’

‘మే’కి ‘ఇవ్వవచ్చు’ అని కావాలనే రాయలేదు. ‘రౌటర్ కబురు పంపవచ్చు’ అంటే ‘బహుశా పంపుతుందేమో’ అని చదివేవాళ్లూ ఉంటారు. ‘వాన రావచ్చు’ అన్నప్పుడు వానకి మనం అనుమతి ఇవ్వడం లేదు కదా! నిషేధానికి ‘చేయకూడదు’ చాలు. ‘చేయరాదు’ రాతలో చెల్లుతుంది గానీ, ‘కాస్త చెప్పరాదూ’ అని బతిమాలేదీ ఆ రూపంతోనే.

మరొకరు: ‘పంపి తీరాలి’ పంతం పట్టినట్టుంది. ‘తప్పనిసరిగా పంపాలి’ అంటే పోదా?

జవాబు: చిన్న వాక్యంలో పోతుంది. పెద్ద వాక్యంలో ‘తప్పనిసరిగా’ ఎక్కడో ముందు ఉండిపోతుంది, క్రియ చివర్న వస్తుంది, మధ్యలో నాలుగు షరతులు. చదివేవాళ్లు అక్కడికి వచ్చేసరికి బలం జారిపోతుంది. పైగా ‘తప్పనిసరిగా పంపనక్కర్లేదు’ అంటే సంగతి ఇంకోలా మారుతుంది. పంతమంటారా, అసలు ప్రమాణం ఉన్నదే అందుకు!

ఇంకొకరు: మరో చిక్కు. ఇంగ్లిష్‌లో ఈ మాటలు పెద్దక్షరాల్లో ఉంటేనే ప్రత్యేకార్థమని 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8174 తేల్చింది. చిన్నక్షరాల్లో ఉంటే మామూలు మాటే. మనకు పెద్దక్షరాలే లేవు. బోల్డ్ చేద్దామంటే కాపీ పేస్ట్‌లో పోతుంది.

జవాబు: నిజమే. అందుకే ‘తీరాలి’ని మస్ట్‌కే కేటాయించి, మామూలు వివరణలో ఎక్కడా రానివ్వకపోతే సరి. షుడ్‌కి ‘పంపడం మంచిది’ మాత్రం వద్దు. అది ఉత్త సలహా, షుడ్ అంత మెతక కాదు. ‘కారణం లేనిదే మానకూడదు’ అంటే సరిగ్గా సరిపోతుంది.

ప్రశ్న అడిగినవారు: బాగుంది గానీ, అంత పొడుగు మాట నా టేబుల్ గడిలో పట్టదండీ.

జవాబు: గడిలో ‘పంపాలి’ అనే ఉంచండి. మొదటి పేజీలో ‘ఈ పాఠాల్లో ‘పంపాలి’ అంటే కారణం లేనిదే మానకూడదని, ‘పంపి తీరాలి’ అంటే తప్పదని అర్థం’ అని ఒక్కసారి రాసేయండి. పత్రం మొదట్లో అలాంటి వాక్యం పెట్టుకోమని ఆర్‌ఎఫ్‌సీ 2119 కూడా చెప్పింది.