పాత జావా కోడ్‌పై వేల హెచ్చరికలు: ఏ క్రమంలో సరిచేయాలి?

ప్రశ్న (తిరుపతి):
చిత్తూరు పరిసరాల్లోని మామిడి గుజ్జు పరిశ్రమలకు కాయల తూకం, రైతుల చెల్లింపుల లెక్కలు చూసే జావా ప్రోగ్రామును మా చిన్న బృందం నిర్వహిస్తోంది. అనేక చేతులు మారిన ఈ కోడ్‌ను తొలిసారి సోనార్‌క్యూబ్‌తో (కోడ్‌ను నడపకుండానే చదివి లోపాలను చూపే పరికరం) పరిశీలింపజేయగా వేల హెచ్చరికలు వచ్చాయి. తోతాపురి కోతలు మొదలయ్యేలోగా అన్నిటినీ సరిచేయడం సాధ్యం కాదు. అలాగని, లెక్క తప్పితే నష్టపోయేది రైతే కనుక, వదిలేయడానికి మనసొప్పడం లేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

సమాధానం 1 (చిత్తూరు):
హెచ్చరికల సంఖ్య తగ్గించడాన్ని లక్ష్యంగా పెట్టుకోకండి. అలా పెట్టుకుంటే వాడని ఇంపోర్టుల వంటి సులువైనవి ముందు పోయి, ప్రమాదకరమైనవి మిగిలిపోతాయి. డబ్బు లెక్కించే ఫైళ్లను విడిగా తీసి, వాటిపై స్పాట్‌బగ్స్ అనే, జావా దోషాలను వెతికే మరో పరికరాన్ని కూడా నడపండి. రైతు నంబర్లు ఇంటిజర్ ఆబ్జెక్టులుగా ఉండి, వాటిని విలువలను పోల్చే ఈక్వల్స్ మెథడ్‌తో కాక, రెండూ ఒకే ఆబ్జెక్టా అని మాత్రమే చూసే రెండు సమాన చిహ్నాలతో (==) పోల్చిన చోట్లను అది పట్టి చూపుతుంది. మామూలు సంఖ్యను తనంతట తానే ఆబ్జెక్టుగా మార్చే ఆటోబాక్సింగ్‌లో −128 నుంచి 127 వరకు ఉన్న విలువలకు జావా ముందే సిద్ధం చేసుకున్న ఒకే ఆబ్జెక్టును ఇస్తుంది కాబట్టి చిన్న నంబర్లతో ఆ పోలిక సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది. 128 నుంచి మాత్రం రెండు వేర్వేరు ఆబ్జెక్టులు ఏర్పడి, ఒకే రైతు ఇద్దరిగా తేలవచ్చు. కొద్దిమంది పేర్లతో చేసిన పరీక్షలో దాగిన ఈ దోషం, ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్లు బారులు తీరిన రోజున బయటపడుతుంది. 0.1 వంటి డబుల్ (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే సంఖ్యా రకం) విలువను, కచ్చితమైన దశాంశ లెక్కలకు వాడే బిగ్‌డెసిమల్‌కు నేరుగా ఇచ్చిన చోట్లనూ ఇప్పుడే సరిచేయండి; అక్కడ నిల్వ అయ్యేది కచ్చితమైన 0.1 కాదు.

సమాధానం 2 (తిరుపతి):
పై మాటతో ఏకీభవిస్తూనే, కొత్త దోషాల రాకను ముందు ఆపాలని నా అభిప్రాయం. సోనార్‌క్యూబ్‌లో ముందే అమర్చి ఉన్న క్వాలిటీ గేట్ (కోడ్ నాణ్యతకు ఉత్తీర్ణత షరతుల జాబితా) కొత్తగా రాసిన కోడ్‌నే చూస్తుంది. అందులో టెస్ట్ కవరేజి (పరీక్షలు నడిపి చూసిన కోడ్ వాటా) కనీసం 80 శాతం ఉండాలనీ, నకలు కోడ్ 3 శాతం మించరాదనీ అడుగుతుంది. ఇక పొడవాటి ఫంక్షన్ల సంగతి. ఫంక్షన్‌లో ఎన్ని వేర్వేరు దారులున్నాయో లెక్కించే సైక్లొమాటిక్ సంక్లిష్టతను 1976లో ప్రతిపాదించిన థామస్ మెకేబ్ 10ని సహేతుకమైన పరిమితిగా సూచించారు. అయితే దాన్ని దాటిందన్న ఒక్క కారణంతో చెల్లింపుల ఫంక్షన్‌ను సీజన్ ముందు విడగొట్టవద్దు. విడగొట్టక తప్పకపోతే, గత సీజన్ తూకపు చీటీలను పాత కోడ్‌తోనూ కొత్త కోడ్‌తోనూ నడిపి, పైసాతో సహా సరిపోయాకే విడుదల చేయండి. ఫార్మాటింగ్ సవరణలను వేరే కమిట్‌లో (ఒకసారి నమోదు చేసే మార్పుల కట్టలో) ఉంచితే, అసలు మార్పులను సమీక్షించేవారికి అవి అడ్డు రావు.

అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. పరిశీలించాక నిజంగా దోషం కాదని తేలిన హెచ్చరికలను అణచివేయవచ్చా?

సమాధానం 1 (చిత్తూరు):
అణచివేయవచ్చు. కానీ ఫైలు మొత్తానికి కాక ఆ ఒక్క చోటికే పరిమితం చేసి, కారణాన్ని పక్కనే కామెంటుగా రాయండి. అలాగే, హెచ్చరిక లేని ఫైలును సరైనదని అనుకోకండి. తరుగును తూకంలోంచి తీసివేశాక ధరతో గుణించాలన్నది ఆ పరికరాలకు తెలియదు. ఆ వరుస తారుమారైనా అవి మౌనంగానే ఉంటాయి. ఆ ఫంక్షన్‌ను తూకం దగ్గర పనిచేసే గుమాస్తాను పక్కన కూర్చోబెట్టుకొని, ఆయన చేతిరాత లెక్కతో పోల్చి చూడండి.